వెంట వచ్చిన జీవము – భక్తుని బాధ్యత

ఉగాది సమీపించుచుండగా కర్ణాటక ప్రాంతము నుండియు, రాయలసీమ నుండియు వేలాది భక్తులు శ్రీశైల మల్లికార్జునుని దర్శనమునకై కాలినడకన బయలుదేరుదురు. భుజమున జోలె, చేత కఱ్ఱ, మెడలో ఇష్టలింగము, నోట పంచాక్షరి. వారిలో పెక్కుమంది ఆత్మకూరు దాటి వెంకటాపురము చేరి, అచ్చట నల్లమల అడవిలో అడుగిడి, నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను మీదుగా కైలాసద్వారము నెక్కి స్వామి సన్నిధిని చేరుదురు. ఇది తరతరముల నుండి వచ్చుచున్న మార్గము. అక్కమహాదేవి కదళీవనమును వెదకికొనుచు వచ్చినదియు ఈ కొండలకే. ఈ దారిలో నడచుట కేవలము దూరము గడచుట కాదు. అడుగడుగున అహంకారమును జారవిడుచుట.

ఈ యాత్రలో లెక్కకు రాని యాత్రికుడొకడు కలడు. వానికి జోలె లేదు, చెప్పులు లేవు, మ్రొక్కు లేదు. అది శునకము. కొందరు తాము ఇంట పెంచిన కుక్కను ప్రేమతో వెంటగొని వత్తురు. కొన్ని కుక్కలు తామై వెంటబడును. ఒక భక్తుడు ఊరి చివర చెట్టునీడన కూర్చుండి జొన్నరొట్టె తినుచు, ఎదుట నిలిచిన ఊరకుక్కకు ఒక ముక్క వేసెననుకొందము. మరునాడు అది అతని అడుగులలో అడుగు వేయును. "మల్లయ్య పిలిచినాడు, అందుకే వచ్చుచున్నది" అని తోడివారు మురియుదురు. అడవి దాటుదురు, కొండ యెక్కుదురు, దర్శనమగును. పిమ్మట ఆ భక్తుడు బస్సెక్కి తన ఊరికి మరలును. ఆ కుక్క బస్సు వెంట కొంతదూరము పరుగెత్తి, ధూళిలో నిలిచిపోవును. దానికి ఆ క్షేత్రమున తెలిసిన మనిషి లేడు, తెలిసిన వీధి లేదు. అచ్చటి కుక్కలు దానిని తమలో చేరనీయవు.

ఆ భక్తుడు పాపము చేసెనా? అతడు దానిని కొట్టలేదు, తిట్టలేదు, పైగా అన్నము పెట్టెను. అయినను ఆ దృశ్యము మనస్సును కలచివేయును. ఏదో ఒక ఋణము తీరకుండ మిగిలిపోయినట్లు తోచును. ఆ ఋణమేది? పిలువకయే వెంట వచ్చిన జీవము పట్ల మనుష్యుని బాధ్యత ఎంత? పిలిచి తెచ్చుకొన్న జీవము పట్ల మరెంత? ఒక జీవముపై చూపు దయ వలన అడవిలోని వేరు జీవులకును, తోడి యాత్రికులకును కలుగు హాని ఎవరి లెక్కలో చేరును? కుక్క సంగతి చిన్నదని త్రోసివేయరాదు. పెద్ద ధర్మములు చిన్న సందర్భములలోనే పరీక్షకు నిలుచును.

భారతము చూపిన దారి

మహాభారతమును శ్రద్ధగా చదివిన వారికొక విశేషము గోచరించును. ఆ మహాకథకు మొదటను, తుదను కూడ శునకమే నిలిచియున్నది.

నన్నయభట్టారకుడు 11వ శతాబ్దమున తెనిగించిన ఆదిపర్వమున, కథ ఆరంభముననే సరమ వృత్తాంతము కలదు. జనమేజయుడు యాగము చేయుచుండగా, దేవశునకమైన సరమ కుమారుడు సారమేయుడు ఆ చోటికి పోయెను. అతడు ఏ తప్పు చేయకున్నను రాజు తమ్ములు అతనిని కొట్టిరి. బిడ్డ ఏడ్చుచు తల్లి కడకు పరుగెత్తెను. సరమ రాజు నెదుట నిలిచి, తన బిడ్డ చేసిన అపరాధమేమని ప్రశ్నించెను. మంచిచెడ్డలు తలపోయక దుర్బలులను బాధించు వారికి అనుకొనని ఆపదలు తప్పవని హెచ్చరించి మరలిపోయెను.

తుదకు, తిక్కన సోమయాజి తెనిగించిన భాగములలోని మహాప్రస్థానిక పర్వమున, ధర్మరాజు వెంట ఒక కుక్క నడచును. ద్రౌపదియు, తమ్ములు నలువురును ఒకరి వెనుక నొకరు నేలకొరిగిరి. కుక్క మాత్రము వెంట విడువలేదు. ఇంద్రుడు రథము తెచ్చి, స్వర్గమున కుక్కలకు చోటు లేదు, దానిని విడిచి రమ్మనెను. నమ్మి వచ్చిన దానిని విడిచి వచ్చు స్వర్గము తనకు వలదని ధర్మజుడు నిలిచిపోయెను. భార్యను, తమ్ములను విడిచి వచ్చినవాడు కుక్కను విడువలేవా యని ఇంద్రుడు ఆక్షేపించెను. వారు మరణించిన పిమ్మట వారిని బ్రతికించుట తన చేతిలో లేదనియు, వారు జీవించియుండగా తాను విడువలేదనియు ధర్మజుడు బదులు చెప్పెను. అంతట ఆ శునకమే ధర్మదేవతయై నిలిచెను.

ఇచ్చట గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. ధర్మరాజు ఆ కుక్కను పిలువలేదు. దానికి ఆశ చూపలేదు. అది తానై వచ్చినది. అయినను "నేను పిలువలేదు గదా" యను మాట ఆయన నోట రాలేదు. నమ్మి వెంట నడచుటయే ఆయన దృష్టిలో చాలిన హక్కు. పిలువని దాని పట్లనే బాధ్యత ఇంతటిదైనచో, రొట్టెముక్క చూపి పిలిచిన దాని పట్ల, గొలుసు పట్టి తెచ్చిన దాని పట్ల బాధ్యత ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

దయ యనగా నేమి?

దయ లేనిచోట ధర్మము నిలువదని బసవేశ్వరుడు బోధించెను. ఆ దయకు మనుష్యులను మాత్రమే గాక సర్వప్రాణులను పాత్రులను జేసెను. 12వ శతాబ్దమున కల్యాణ నగరమున శివశరణులు నెలకొల్పిన జీవితవిధానమున దయ యనునది కన్నీరు కార్చుట కాదు, కాయకము. చేతితో చేసి చూపవలసిన పని. హావినహాళ కల్లయ్య శునకముచేత వేదము పలికించెనని వీరశైవ కథాసంప్రదాయము చెప్పుచున్నది. విద్య పుట్టుకకు కట్టుబడినది కాదనుట ఆ కథ పరమార్థము. అయితే ఆ కథలో మరియొక భావమును ఇమిడియున్నది. ఎంగిలి మెతుకులకు కాచుకొని యుండునని లోకము చులకన చేయు ప్రాణిలోను శివచైతన్యము నిండియున్నదని ఆ శరణుడు కనుగొనెను.

అట్లైనచో, కుక్కను వెంట తీసికొనిపోయి మల్లికార్జునుని క్షేత్రమును చూపించుటయే గొప్ప దయ కాదా యని ఒకరు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు, ఆ ప్రయాణమున సంతోషము ఎవరిదని విచారింపవలెను. శిఖరదర్శనము వలన ముక్తి కలుగునను విశ్వాసము భక్తునిది. కుక్కకు శిఖరముతో పనిలేదు. దానికి యజమాని వాసనయే శిఖరము. అతడు ఎచ్చట ఆగిన అచ్చటనే దాని క్షేత్రము. కనుక "మల్లయ్య పిలిచినాడు" అనుట మధురమైన మాటయే గాని, దానిలో ఒక ప్రమాదము కలదు. మన చేయి చేసిన పనిని మల్లయ్యపై మోపి, మన బాధ్యతను మనము దించుకొనుచున్నాము. రొట్టె వేసినది మన చేయి. విడిచిపోవునదియు మన కాలు.

ప్రేమించుట వేరు, వెంట తెచ్చుట వేరు. ఇంట విడిచిపోవుటయు విడుచుటయే కదా యని సందేహము కలుగవచ్చును. కాదు. విడిచివేయుటకును, అప్పగించుటకును భేదము కలదు. యాత్రకు పోవు గృహస్థుడు తన పాడిఆవును పొరుగువారికి అప్పగించి, మేత, నీరు, పాలు పితుకు వేళ చెప్పి పోవును. అట్లే కుక్కను గూడ తెలిసిన వారి చేత పెట్టి, అన్నమునకు వలసినది ఇచ్చి పోయినచో అది దయకు కొరత కాదు. అనేక సందర్భములలో అదియే నిజమైన దయ.

ఆ ప్రాణి దేహధర్మము

ఏల యనగా, కుక్క శరీరము మన శరీరము వంటిది కాదు. మనుష్యునికి ఎండ తగిలినచో ఒడలెల్ల చెమట పట్టి చల్లబడును. కుక్కకు చెమట పట్టునది పాదముల అడుగున మాత్రమే. తక్కిన వేడిని అది నాలుక చాచి రొప్పుటచేతనే వెడలింపవలెను. దాని సహజ ఉష్ణోగ్రత సుమారు 38 నుండి 39 డిగ్రీల సెంటిగ్రేడు. అది 41 డిగ్రీలు దాటినచో ప్రాణాపాయము. ఉగాది నాటికి నల్లమలలో ఆకు రాలి నీడ పలుచనగును. బండలు కాలుచుండును. అరచేతి వెనుక భాగమును ఏడు సెకనుల కాలము బండపై ఆనించి యుంచలేకపోయినచో, ఆ బండపై కుక్క పాదములు బొబ్బలెక్కునని తెలిసికొనవలెను. చెప్పులు విడిచి నడచు భక్తుడు తన పాదముల మంటను మ్రొక్కుగా సమర్పించుకొనును. కుక్క ఏ మ్రొక్కును మ్రొక్కలేదు. మన వ్రతమును దానిచేత చేయించు అధికారము మనకు లేదు.

అది అలసితినని చెప్పదు. యజమాని నడచుచున్నంత వరకు అదియు నడచును, పడిపోవువరకు నడచును. విశ్వాసమే దానికి శత్రువగు సందర్భమిది. కనుక దాని అలసటను మనమే కనిపెట్టవలెను. రొప్పుట మితిమీరుట, చొల్లు చిక్కగా కారుట, చిగుళ్లు మిక్కిలి ఎఱ్ఱబారుట, అడుగులు తడబడుట, నీడ చూచి కూలబడి లేవకుండుట అపాయసూచనలు. అప్పుడు నీడకు చేర్చి, ఒడలిపై చల్లని నీరు పోసి, విసరి, నీటిని కొద్దికొద్దిగా త్రాగనీయవలెను. నోరు తెరచి బలవంతముగా పోయరాదు. పిదప పశువైద్యునికి చూపవలెను. ఏడాది నిండని పిల్లకు ఎముకల కీళ్లు ఇంకను గట్టిపడి యుండవు. ముసలిదానికి, చూలుతో నున్నదానికి, ముక్కు అణగియున్న జాతులకు దూరపు నడక తగదు. ఇట్టివానిని కొండదారికి తెచ్చుట ప్రేమ పేర చేయు హింస.

ఆహారము విషయమునను అజ్ఞానము హాని చేయును. యాత్రికుల మూటలలో నుండు ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండములను చెడగొట్టును. కిస్మిసు వేసిన ప్రసాదమును భక్తితో దాని నోటికందించుట విషమందించుటయే కావచ్చును. ఉల్లిగడ్డ దాని రక్తమును క్షీణింపజేయును. చాకొలేటు దాని గుండెకు కీడు. భక్తి కలిగిన చేతికి తెలివియు తోడుగ నుండవలెను. నడక ముగిసిన పిమ్మట చెవులలో, వ్రేళ్ల సందులలో, మెడపట్టీ క్రింద పిడుదులు పట్టినవేమో వెదకి తీయుట కూడ సేవయే. ఇష్టలింగమునకు నీరు పోయు చేయి కుక్క చెవిలోని పిడుదును తీసినంత మాత్రమున మైలపడదు. భృత్యాచారమనగా తనకంటె తక్కువవాడు లేడని తలచి సేవకు నడుము వంచుట.

అడవి ఎవరి ఇల్లు?

దయకు మరియొక దిక్కు కలదు. అడవిలో నడచు భక్తుడు ఒకరి ఇంటి నడుమ నడచుచున్నాడు. ఈ అడవి 1978లో వన్యప్రాణి సంరక్షణ స్థానముగను, 1983లో నాగార్జునసాగర్ – శ్రీశైలం పులుల అభయారణ్యముగను ప్రకటింపబడెను. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట కృష్ణకు ఉత్తరమున నున్న భాగము తెలంగాణమున అమ్రాబాద్ పులుల అభయారణ్యముగా నిర్వహింపబడుచున్నది. పులి, చిరుత, ఎలుగు, రేచుకుక్క, కణుజు, దుప్పి, కొండగొఱ్ఱె, అలుగు మున్నగునవి ఇచ్చటి గృహస్థులు. యాత్రికులు అటవీశాఖ విధించిన నియమములకు లోబడి, విధించిన దినములలో, విధించిన దారిన నడచు అతిథులు. అతిథి తన వెంట మరియొకరిని తెచ్చునపుడు ఇంటివారి అనుమతి కోరవలెను గదా! అభయారణ్యమునకు కుక్కను తీసికొనిపోరాదని అధికారులు చెప్పినచో అది భక్తికి అడ్డు కాదు. సదాచారమే.

దీనికి కారణములు కలవు. కుక్క మనకు మిత్రుడు, దుప్పికి తోడేలు. తోలియున్న కుక్క జింకపిల్లను తరిమినచో, దానిని పట్టకపోయినను, తల్లినుండి వేరైన ఆ పిల్ల బ్రతుకుట కష్టము. తాటితో నడపబడు కుక్క యైనను దాని వాసనకే పక్షులు బెదరును. 2007లో ప్రకటింపబడిన ఆస్ట్రేలియా పరిశోధనలో, తాడు కట్టి కుక్కలను నడిపించిన అడవిదారులలో కనబడు పక్షుల సంఖ్య 41 శాతము వరకు తగ్గినట్లు తేలెను. నేలపై గ్రుడ్లు పెట్టు పక్షులకు ఈ బెదురు మరింత హాని.

అంతకంటె భయంకరమైనది వ్యాధి. కుక్కలకు సోకు డిస్టెంపర్ అను వ్యాధి పులులకు, సింహములకు, రేచుకుక్కలకు సోకగలదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి ప్రాంతమున ఈ వ్యాధి వలన అచ్చటి సింహములలో సుమారు మూడవ వంతు నశించెను. ఆ పరిసర గ్రామముల పెంపుడు కుక్కల నుండి అది వ్యాపించెనని శాస్త్రజ్ఞులు భావించిరి. మన దేశమున 2018లో గుజరాతులోని గిర్ అడవిలో ఇరువదికి పైగా సింహములు కొన్ని వారములలో మరణింపగా, పెక్కింటిలో ఇదే వ్యాధిక్రిములు కనబడెను. అందుచేత ఏ కొండదారికైనను కుక్కను తీసికొనిపోవువాడు ముందుగా రేబిస్ టీకాను, డిస్టెంపర్, పార్వో వ్యాధులకు టీకాలను వేయించి, గడువు దాటకుండ చూచుకొనవలెను. టీకా వేయించుట ఒక సూదిపోటుతో రెండు లోకములను కాపాడుట. ఊరిని, అడవిని.

కుక్కకును అడవి క్షేమకరము కాదు. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారము. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతమున పొలముల నడుమ తిరుగు చిరుతల ఆహారమును పరిశోధకులు పరిశీలింపగా, అందు అన్నిటికంటె పెద్ద భాగము పెంపుడు కుక్కలదే యని తేలెను. ఇక ఎలుగును చూచి మొరిగి ముందుకు ఉరికిన కుక్క, అది ఎదురు తిరిగినపుడు ఎచ్చటికి పరుగెత్తును? తనను కాపాడునని నమ్మిన యజమాని కడకే. వెనుక ఎలుగును రాగలదు. ఆ యజమాని ప్రక్కనే ముసలితల్లి నడచుచుండవచ్చును, పసిపిల్ల నడచుచుండవచ్చును.

మల్లన్నను తమ అల్లునిగా భావించు చెంచులు తరతరములుగా కుక్కలతో అడవిలో జీవించిరి గదా యని అనవచ్చును. చెంచు అడవికి బంధువు. ఏ పొదలో ఏమి పొంచియున్నదో ఎరిగినవాడు. ఆతని కుక్కయు ఆ ఎరుకలో పుట్టి పెరిగినది. ఏటికొకసారి వచ్చు యాత్రికుడు ఆ సామ్యమును చెప్పుకొనరాదు.

తోడి యాత్రికుని హక్కు

మూడవది మనుష్యధర్మము. యజమాని కంటికి ముద్దైన కుక్క, చిన్ననాడు కుక్కకాటు తిన్న స్త్రీకి యమదూత. "మా కుక్క ఏమియు చేయదు" అను మాట యజమానికి మాత్రమే తెలిసిన సత్యము. ఎదుటివారి భయమును నవ్వి త్రోసివేయుట కూడ హింసయే. కర్ణాటక భక్తులలో కొందరు కొయ్యకాళ్లపై నిలిచి ఈ దూరమంతయు నడచి వత్తురు. తోలియున్న కుక్క వారి కాళ్ల నడుమ దూరినచో ఏమగునో చెప్పనేల? కైలాసద్వారపు మెట్లు ఇరుకైన చోటులు. ఎదుట ఎవరైనను వచ్చినపుడు కుక్క యజమాని ప్రక్కకు తొలగి, తాను నడుమ నిలిచి, కుక్కను అవతలి ప్రక్కకు తెచ్చుకొని, వారిని ముందుగా పోనిచ్చుట మర్యాద.

దారిలోని నీటివసతి మరియొక పరీక్ష. వేసవి నాటి అడవిలో కొలను, బావి, చెలమ వేలమందికి ప్రాణాధారము. కుక్కను ఆ నీట దింపరాదు. నీటిని ఒక పాత్రలో ముంచి తెచ్చి దూరమున త్రాగింపవలెను. దాని మలమున నులిపురుగుల గ్రుడ్లును, వ్యాధిక్రిములును ఉండును. కనుక దారికిని నీటికిని 60 మీటర్లకు తగ్గని దూరమున జానెడు గుంట త్రవ్వి కప్పవలెను. అడవిలో మృగములును విసర్జించును గదా యని వాదించుట తగదు. మృగము అడవిలో తిన్నదానిని అడవికే ఇచ్చును, మనము ఊరి వ్యాధిని అడవికి ఇచ్చుచున్నాము.

కుక్క ఎవరినైనను కరచినచో, చిన్న గీత యైనను, గాయమును సబ్బుతో పారు నీట 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చి టీకా వేయింపవలెను. పసుపు, సున్నము, ఆకుపసరు పెట్టి కాలము గడపరాదు. లూయీ పాశ్చర్ 1885లో ఈ వ్యాధికి టీకాను మనుష్యునిపై మొదట ప్రయోగించి బాలుని రక్షించెను. నేటికిని లక్షణములు బయటపడిన పిమ్మట రేబిస్ నుండి బ్రతికినవారు అత్యంత అరుదు. పాపభీతి కల యజమాని కాటును దాచడు. వైద్యము పూర్తియగు వరకు కరవబడిన వారి వెంట నిలుచును.

తాడు బంధమా?

కుక్క మెడకు తాడు కట్టుట దాని స్వేచ్ఛను హరించుట కాదా? స్వేచ్ఛగా తిరుగనిచ్చుటయే దయ యని తలచువారు కలరు. ఈ ఆక్షేపణను తేలికగా కొట్టివేయరాదు. పగలంతయు గుంజకు కట్టి, ఎండలో నీరు లేక యుంచు తాడు నిస్సందేహముగా క్రౌర్యమే. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును అట్టి దానిని నేరముగ ఎంచినది. అయితే తాళ్లు రెండు విధములు. ఒక కొస గుంజకు కట్టిన తాడు ఒకటి. ఒక కొస మనిషి చేత నున్న తాడు వేరొకటి. మొదటిది ఒకరిని మాత్రమే బంధించును. రెండవది ఇద్దరిని బంధించును. రెండు మీటర్ల తాడు పట్టుకొన్నవాడు కుక్క ఆగినపుడు ఆగవలెను, అలసినపుడు కూర్చుండవలెను. అది కాలు జారిన చోట తానును నిలదొక్కుకొనవలెను. లింగవంతునికి ఈ రహస్యము క్రొత్తది కాదు. ఆజన్మాంతము ఇష్టలింగమును దేహమునకు కట్టుకొని, ఆ కట్టునందే విముక్తిని కనుగొన్నవాడు అన్ని కట్లును బానిసత్వము కావని ఎరుగును. తనను తాను కట్టుకొనక ఇతరులను కట్టునది బంధము. తనను కూడ కట్టుకొన్నది అనుబంధము.

కావున అడవిలోనికి కాక, ఊరి గుట్టకో, చెరువుకట్టకో, పొలముగట్లకో కుక్కతో నడక సాగించువారు ఈ అనుబంధమును మఱువకుండుట మేలు. తెల్లవారుజామున చల్లని వేళ బయలుదేరుట, తనకు తెచ్చుకొన్నంత శ్రద్ధతో దానికి నీరు తెచ్చుట, మంద కనబడినపుడు గొల్లవానిని అడిగి దారి మార్చుకొనుట, గట్లపై తీతువుపిట్ట అరచుచు తల చుట్టు తిరిగినచో దాని గ్రుడ్లు దగ్గరలో నున్నవని గ్రహించి తొలగిపోవుట – ఇవన్నియు నడకలో చేరిన పూజలే. ఇట్టి నడక యజమానికిని కుక్కకును ఆరోగ్యము, ఇరువురికిని ఆనందము. వలదనుట నడకను కాదు, ఎరుక లేని నడకను.

దాసోహము పూర్తియగునది ఎప్పుడు?

ఇక మొదటి ప్రశ్నకు మరలవలెను. ఆకలిగొన్న ఊరకుక్కకు రొట్టె వేయుట తప్పా? ఎన్నటికిని తప్పు కాదు. అయితే దానిని దాని చోటనే తిననీయవలెను. నడచుచు వెనుకకు చూచి ముక్క విసరుట అన్నదానము కాదు, ఆశ చూపుట. ఊరి పొలిమేర దాటిన పిమ్మట తినిపింపక, పలుకరింపక, అది మరలిపోవునట్లు నడచుట కఠినముగ తోచినను దయయే. అయినను అది వెంట వచ్చినచో, అడవి ముఖద్వారమైన వెంకటాపురమునకు ముందే ఏ దుకాణదారునికో, గృహస్థునికో చూపి, రెండు దినములు కట్టియుంచి అన్నము పెట్టుమని కోరి, తగిన సొమ్మిచ్చి పోవలెను. అడవి నడుమ కనుగొన్నచో, మెడకు ఉత్తరీయమైనను కట్టి, తనతో నడిపించుకొని పోవుట తప్ప వేరు దారి లేదు. కొండపై చేరిన పిమ్మట దానికి ఒక ఆధారము చూపనిదే బస్సెక్కరాదు. అది పుట్టిన ఊరికి మరల చేర్చగలిగినచో మరియు మేలు. ఇది కష్టము, వ్యయము, కాలహరణము. నిజమే. మొదటి రొట్టెముక్క వేయునపుడే ఈ వ్యయమును లెక్కించుకొనవలెను.

దారిపొడవున అన్నదాసోహములు నడుపు మఠములకును, భక్తబృందములకును ఇందు పెద్ద పాత్ర కలదు. మిగిలిన అన్నమును విస్తళ్లతో సహా శిబిరము వెనుక పారవేసినచో, ఆ వాసనకు ఊరకుక్కలు అడవిలోనికి దారి నేర్చును. వాని వెంట చిరుత దారికి వచ్చును. వడ్డించుటతో దాసోహము ముగియదు. విస్తరి ఎత్తి, మెతుకు కప్పి, ప్లాస్టిక్ సంచులను ఊరికి మరల మోసికొని వచ్చినపుడు ముగియును. యాత్రకు ముందు దారిలోని గ్రామములలో పశువైద్యుల సహాయమున ఊరకుక్కలకు టీకాలు వేయించు కాయకమును మఠములు చేపట్టినచో, అది మనుష్యులకును, అడవి మృగములకును, ఆ మూగప్రాణులకును ఒకేసారి చేసిన సేవయగును. శాఖాధికారులు దారి మొదట "కుక్కలను తేరాదు" అని బోర్డు పెట్టుట ఒక ఎత్తు. గురువులు ప్రవచనమున ఆ మాటను ధర్మముగ చెప్పుట వేరొక ఎత్తు. చట్టమునకు కన్ను దారిలోనే యుండును. ధర్మమునకు కన్ను లోపలనుండును.

ధర్మరాజు కుక్కతో స్వర్గద్వారమున నిలిచిన ఘట్టమును విని ప్రతివారును ఆనందింతురు. కాని ఆ పరీక్ష ఆయనకు స్వర్గద్వారమున రాకముందే, నడచిన ప్రతి మజిలీయందును వచ్చియుండును. దప్పిగొన్నదా, కాలు నొచ్చినదా, వెనుకబడినదా యని ఆయన వెనుదిరిగి చూడనిచో, ఆ శునకము ఆ ద్వారము వరకు వచ్చియుండునా? మనకు ఇంద్రుని రథము రాదు. వచ్చునది బస్సు. దాని మెట్టుపై కాలు పెట్టునపుడు ఒక్కమారు వెనుకకు చూచిన చాలును. అచ్చట ధూళిలో ఎవరును నిలిచియుండనిచో యాత్ర సఫలమైనదని ఎంచవచ్చును. నిలిచియున్నచో, మల్లికార్జునుడు ఇంకను దర్శనమీయుచునే యున్నాడని గ్రహించి క్రిందికి దిగవలెను.